తలకింత ఫీజు

మన ఇంటికి అసలు యజమానురాలైన నా శ్రీమతికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, పాపా, నర్సు ఉద్యోగంతో పాటు మీ ఇద్దరి పురిటి చాకిరీ కూడా నెత్తినేసుకున్న మీ అక్కా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వంటింటి కొళాయి బాగయిందా అని అడిగావు. బాగయింది. ఇప్పుడు కారడం లేదు, అసలు నీళ్ళు రావడమే లేదు. వేళకు తింటున్నావా అన్నావు. తింటున్నాను. భోజనం ఇంట్లో, తిట్లు మేస్త్రీ దగ్గర.

ఇక నీ అసలు ప్రశ్న. అద్దె కాక ఈ ఫీజులన్నీ అడిగే హక్కు ఇంటివాళ్ళకుందా అని. నాకూ అదే అనుమానం వచ్చి, వాళ్ళ తరఫున అద్దెలు వసూలు చేయడానికి ఈమధ్యే వచ్చిన కొత్త మేనేజరును అడిగాను. "నువ్వు సంతకం పెట్టిన కాగితంలోనే ఉందిగా" అన్నాడు. చూస్తే నిజంగానే ఉంది. అద్దె ఒక్కరోజు ఆలస్యమైతే ఫీజు. తాళంచెవి పోతే ఫీజు, పోకపోయినా రెండో తాళంచెవికి ఫీజు. మెట్లు ఊడ్చినందుకు ఫీజు. ఎవరు ఊడుస్తున్నారో దేవుడికే తెలియాలి. నువ్వు వెళ్ళిన రోజు నీ సంచిలోంచి రాలిన వేరుశెనగ పొట్టు ఇప్పటికీ మూడో మెట్టు మీదే ఉంది.

అన్నిటికన్నా ఒళ్ళు మండింది రంగుల ఫీజుకు. ఒప్పందం కొత్తగా రాసుకున్నప్పుడల్లా గోడలకు రంగు వేయించాలట. డబ్బు మనదట, మనుషులు వాళ్ళ మనుషులేనట. "సార్, నేను చేసేదే రంగుల పని. నేనే వేసుకుంటాను" అన్నాను.

"కుదరదయ్యా. మావాళ్ళే వెయ్యాలి" అన్నాడు.

సరేనని కట్టాను. మర్నాడు మా మేస్త్రీ ఒక చీటీ చేతిలో పెట్టి, అందులో రాసిన ఇంటికి వెళ్ళి పని చేసి రమ్మన్నాడు. చూస్తే అది మన ఇల్లే! మన వంటింట్లో నేనే నిచ్చెనెక్కి రంగు వేసి, కట్టిన దాంట్లో మూడో వంతు కూలిగా తెచ్చుకున్నాను. నవ్వకు. మేస్త్రీ నవ్వే ఇంకా ఆగలేదు.

ఇంతవరకూ రాసింది కోపం. రాయనిది ఒకటుంది. ఆదివారం నువ్వు గడప తొక్కేలోపు చెప్పకపోతే నీకు ముఖం చూపించలేను.

ఆ ఒప్పందంలో తలకింత అని ఇంకో ఫీజుంది. ఇంట్లో ఎందరుంటారో రాసి, ఒక మనిషిని వదిలేసి మిగతావాళ్ళకు నెలనెలా కట్టాలి. నువ్వెలాగూ లేవు, నాలుగు రాళ్ళు మిగులుతాయి కదా అని "ఒక్కడినే" అని రాసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. నేను రంగు వేస్తున్న రోజు మేనేజరు పని చూడడానికి వచ్చాడు. తలుపు వెనక నీ చెప్పులు చూసి "ఇవెవరివి?" అన్నాడు. "ఎవరో వదిలేసి పోయారు సార్" అన్నాను. నోరు జారి కాదు, కావాలనే అన్నాను. అతను వెళ్ళాక చెప్పులు తుడిచి అటక మీద దాచాను. నాకు చాలా సిగ్గేసింది. ఆ పూట మళ్ళీ కుంచె పట్టబుద్ధి కాలేదు.

మొన్న కాగితం మొత్తం చదివాను. మనుషుల లెక్క తప్పు రాశారని తేలితే వారంలో ఇల్లు ఖాళీ చేయించవచ్చని చివర్లో ఉంది. పసిపాపతో నువ్వు దిగగానే సామాను ఎత్తాల్సి వస్తుందేమోనని హడలిపోయాను. ఇక ఆగలేక ఈ ఉదయం ఆఫీసుకు వెళ్ళి "నాకు పెళ్ళయింది సార్" అన్నాను.

"ఎప్పుడు?"

"నాలుగేళ్ళయింది."

కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "మరి ఆ చెప్పులు?"

"మా ఆవిడవే సార్."

ఇల్లు పోయిందనుకున్నాను. చివరికి సొరుగులోంచి ఇంకో ఫారం తీసి "తప్పు దిద్దినందుకు ఫీజు" అన్నాడు. ఉంటుందని నాకు తెలుసు. కట్టాను. నీ తలకూ కట్టాను. భయపడుతూనే పాప సంగతి అడిగితే "రెండేళ్ళలోపు పిల్లలకు లేదులే" అన్నాడు. ఆ కాగితం మొత్తంలో ఊరికే వచ్చింది మన కూతురొక్కతే.

నీ చెప్పులు మళ్ళీ తలుపు దగ్గరే ఉన్నాయి. తిట్టాలనుంటే ఆదివారం వచ్చి కడుపారా తిట్టు. దానికింకా ఫీజు పెట్టలేదు.

ఇట్లు,
ఇప్పుడు కాగితం మీద కూడా
నీ భర్త