ట్రాక్‌కి వీపు పెట్టి

మార్చి 2, ఆదివారం

మళ్ళీ బాల్కనీలోకి తరిమేశారు.

ఫుట్‌బాల్ సెమీఫైనల్. మనవాళ్ళు రెండు గోల్స్ ముందున్నారు. నేను ఇలా సోఫాలో కూర్చున్నానో లేదో, అలా రెండు గోల్స్ సమర్పించుకున్నారు. బామ్మర్ది నా వంక చూశాడు. బావా, నీకు దండం పెడతా, కాసేపు బయట నిలబడు అన్నాడు. మా ఆవిడ తమ్ముడికి వత్తాసు. ఇంట్లో నా పేరు ఐరన్ లెగ్. నేను చూస్తే మనవాళ్ళు ఓడిపోతారు. నిజం చెప్పాలంటే నేనూ నమ్ముతాను.

ఆరేసిన బట్టల మధ్య నిలబడ్డాను. లోపల్నుంచి ఇల్లెగిరిపోయే కేక. గెలిచాం. నా వంతు నేను చేశాను.

మార్చి 8, శనివారం

మా కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో టెన్నిస్ ఫైనల్ పెట్టారు. టీవీకి వీపు పెట్టి, ఎవరిదో పై పళ్ళ సెట్టు పాలిష్ చేస్తూ విన్నాను. నాకిష్టమైన అమ్మాయి తొడకి కట్టుతో ఆడుతోంది. మొదటి సెట్ పోయింది. రెండో సెట్‌లో ప్రత్యర్థికి మ్యాచ్ పాయింట్ దాకా వచ్చింది వ్యవహారం. బంతి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి రుద్దుతుంటే ఒక కోరపన్ను అరిగి చదునైపోయింది. చివరికి ఆ కట్టు అమ్మాయే గెలిచింది. పన్ను మళ్ళీ పెట్టాలి.

ఇంటికొచ్చి హైలైట్స్ చూశాను. ఫలితం తెలిశాక చూడటమంటే చల్లారిన కాఫీ తాగడమే. అయినా ఆ పాయింట్ దగ్గర నోరు తెరిచి కూర్చుండిపోయాను. కాలు ఈడుస్తూ ఆ బంతి కోసం పరిగెత్తింది. అందదని నాకు తెలుసు, చూసేవాళ్ళందరికీ తెలుసు. ఆమెకే ఎవరూ చెప్పినట్టు లేదు. అందింది.

మార్చి 12, బుధవారం

చెల్లి ఫోన్ చేసింది. ఆదివారం పదివేల మీటర్ల పరుగు. ట్రాక్ చుట్టూ ఇరవై అయిదు రౌండ్లు. పోయిన రెండు పోటీల్లోనూ సగంలోనే దిగిపోయింది. ఈసారీ దిగిపోతే ఇక నేర్పనని కోచ్ తేల్చేశాడట. దానికి ముప్పై దాటాయి. ఇంకో కోచ్ ఎవరొస్తారు?

ఆ రెండుసార్లూ స్టాండ్‌లో ముందు వరుసలో ఉన్నది నేనే.

అన్నయ్యా, నువ్వు రావాలి అంది. పని నెత్తిమీదుందని అబద్ధమాడాను. సర్లే, నీ ఇష్టం అంది. మా ఆవిడ మంచి పని చేశారంది. మంచి పనే. మరి అన్నం ఎందుకు సహించలేదో తెలియదు.

మార్చి 15

వెళ్ళను. ఇదే ఫైనల్.

మార్చి 16, ఉదయం 6

వెళ్తున్నాను. చూడను. వెళ్ళడం వేరు, చూడటం వేరు.

మార్చి 16, సాయంత్రం

ఇప్పుడే స్టేడియం నుంచి వచ్చాను.

మలుపు దగ్గర కంచెని ఆనుకుని, ట్రాక్‌కి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడ్డాను. ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకునేవారు. రౌండ్ రౌండ్‌కీ వెనకనుంచి అడుగుల చప్పుడు గుంపుగా పోయేది. చివర్న ఒక్కటి. అది చెల్లిదే. చిన్నప్పట్నుంచీ పరిగెత్తేటప్పుడు ముక్కు చీదినట్టు ఊపిరి వదులుతుంది.

ఒక రౌండ్‌లో ఆ ఊపిరి రాలేదు. నీళ్ళ బాటిళ్ళు అందించే ఆవిడ, అయ్యో పడిపోయింది పాపం అంది. నేను తిరగలేదు. నేను రావడమే తప్పయిందనుకున్నాను. చాలాసేపటికి వచ్చింది. ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడుస్తూ.

తర్వాత చప్పట్లు. ఎవరో గెలిచారు. ఒక్కొక్కరే అయిపోయారు. తర్వాతి రేసు వాళ్ళు వచ్చి గడ్డి మీద ఒళ్ళు విరుచుకుంటున్నారని ఆవిడే చెప్పింది. ఇక దిగిపోతుంది అనుకున్నాను. మళ్ళీ వచ్చింది ఆ ఊపిరి. మళ్ళీ వచ్చింది. ఇక నా వల్ల కాలేదు. తిరిగాను.

ట్రాకంతా ఖాళీ. అదొక్కతే. మోకాలి రక్తం సాక్స్ దాకా కారింది. ముఖంలో ఏడుపు లేదు, పౌరుషం లేదు. ఇంకా పని మిగిలుంది, అంతే అన్నట్టుంది. నేను ఎత్తుకుని తిరిగిన పిల్లేనా ఇది అనిపించింది. ఇన్నేళ్ళుగా ఇలాంటివాటిని వదిలేసి బాల్కనీలో నిలబడ్డానా నేను. నేను చూస్తుండగానే గీత దాటింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు లేవలేదు.

కోచ్ వచ్చాడు. మంగళవారం పొద్దున్నే రమ్మన్నాడు, అంతే.

మోకాలికి కట్టు కట్టించుకుంటూ చెల్లి చెప్పింది. మొదటి రౌండ్‌లోనే నా వీపు గుర్తుపట్టిందట. పడ్డాక దిగిపోదామనే అనుకుందట. అన్నయ్య ఒక్కసారి ఇటు తిరిగితే చెప్పి దిగిపోదాం అనుకుందట. నేను తిరగలేదు. సరే, ఇంకో రౌండ్ అనుకుందట. ప్రతి రౌండూ అంతే.

మరి తిరిగాక ఎందుకు దిగలేదన్నాను. ఒక్క రౌండే మిగిలింది, పైగా నువ్వు చూస్తున్నావు కదా అంది. ఆ రెండుసార్లూ నా వల్లే దిగిపోయావా అని అడిగేశాను. కాలు నాది అన్నయ్యా, నీది కాదు అని నవ్వింది.

మార్చి 23, ఆదివారం

ఫుట్‌బాల్ ఫైనల్. పెనాల్టీలు. బామ్మర్ది కాళ్ళావేళ్ళా పడ్డాడు. నేను లేవలేదు. చెల్లి కట్టు కట్టిన కాలు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రతి షాటూ చూశాను.

ఓడిపోయాం. ఎంత బాగుందో.