నా ముక్కు చెప్పిన అబద్ధం

మేడ్చల్,
16 అక్టోబర్ 2005, ఆదివారం.

భాను వాళ్ళ డాడీకి,

పెళ్ళయి పదిహేడేళ్ళయినా మీ పేరు కాగితం మీద పెట్టడానికి నాకు చెయ్యి రాదు, ఏమనుకోకండి. దసరాకి సెలవు దొరకలేదన్నారని మొన్న ఫోన్లో కోప్పడ్డాను గానీ, పాల్వంచ నుంచి మీరు రాకపోవడమే మంచిదయిందేమో. వస్తే నా ముఖం చూసి కనిపెట్టేసేవారు. ఫోన్లో చెబుదామంటే, సగం చెప్పి మిగతా సగం మార్చేస్తానని నా మీద నాకే అనుమానం. కాగితం మీదయితే రాసింది రాసినట్టు పడి ఉంటుంది.

పోయిన నెలలో మా బడిలో ఒక పదో తరగతి అమ్మాయికి టీసీ ఇచ్చి పంపేశామని చెప్పాను గుర్తుందా? వినోద. వైట్‌నర్ పీలుస్తోందట అంటే మీరు "ఆడపిల్లా!" అని ఆశ్చర్యపోయారు. ఆ రోజు ఏం జరిగిందో మీకు పూర్తిగా చెప్పలేదు.

బాత్రూముల వెనక వైట్‌నర్ ఖాళీ సీసాలు దొరికాయి. రాతలో తప్పుల మీద పూసుకోమని మేమిచ్చే మందును పిల్లలు మత్తు కోసం పీలుస్తున్నారని తేలేసరికి హెడ్మాస్టరు కంగారు పడ్డారు. పట్టుకునే పని నేనే మీదేసుకున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కదా! ప్రేయర్‌లో అందరినీ ఖర్చీఫులు తీసి చేతులు చాపమన్నాను. ఒక్కొక్కటీ వాసన చూస్తూ వరసల మధ్య నడిచాను. తెలుగు చెప్పే సిద్దిరాములు సారు వెనక నుంచి, "మేడం ముక్కుండంగ పోలీసు కుక్కెందుకు?" అన్నారు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నాకు గర్వంగా కూడా అనిపించింది. రాయడానికి ఎక్కువ సిగ్గేస్తున్నది అదే.

వినోద దగ్గర ఆగిపోయాను. ఘాటైన ద్రావకం వాసన.

"ఏంటిది?"

"మా అమ్మ డ్రమ్ములు కడుగుతది మేడం. బట్టలు ఆడనే ఆరేస్తం."

"కథలు చెప్పకు. నా ముక్కు తప్పు చెప్పదు."

ఇండస్ట్రియల్ ఏరియా పక్కన ఒక షెడ్డుంది. కెమికల్ కంపెనీల పాత డ్రమ్ములు తెచ్చి, కడిగి, నీళ్ళు పట్టుకోవడానికి అమ్ముతారు. వినోద వాళ్ళమ్మ ముత్తమ్మ అక్కడే పని చేస్తుంది. నేను రోజూ ఆ షెడ్డు ముందు నుంచే ఆటోలో పోతాను, ఆ వాసనకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ. అయినా ఆ పూట నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా? ఈ నాలుగు రోజులుగా ఇదే అడుగుతున్నాను, జవాబు రోజుకొకటి వస్తోంది.

టీసీలో ప్రవర్తన అని ఒక గడి ఉంటుంది. "మీరే రాయండి మేడం" అన్నారు హెడ్మాస్టరు. మత్తు పదార్థాల అలవాటు ఉంది అని నా చేత్తో రాశాను. చక్కటి రాత.

మొన్న పండగకి ఇల్లు దులుపుతుంటే భాను గదిలో, అటక మీద పాత కూలర్ వెనక, ఒక సంచి దొరికింది. నిండా వైట్‌నర్ సీసాలు. అన్నీ నేను కొనిచ్చినవే. నా క్లాసులో కొట్టివేతలుంటే రికార్డు వెనక్కిచ్చేస్తానని మీకు తెలుసు కదా. మన వాడి రికార్డు ఎత్తి చూపించి "ఇట్లుండాలి" అనేదాన్ని. ఇన్ని సీసాలెందుకురా అని ఒక్కసారి అడగలేదు. అంత శ్రద్ధగా దిద్దుకుంటున్నాడని మురిసిపోయాను. వాడి ఖర్చీఫులు నేనే డెట్టాల్ నీళ్ళలో జాడించి ఇస్త్రీ చేసి ఇస్తాను. చెకింగ్ రోజున వాడి చేతిలో నాకు తగిలింది డెట్టాల్ వాసనే.

సంచి వాడి ముందు పెట్టి కూర్చున్నాను. వాడు దానివైపు చూసి, "అందరం జేస్తం మమ్మీ. నేనొక్కన్నే కాదు" అన్నాడు.

"వినోద కూడానా?"

"దానికి గదేందో గూడ తెల్వది."

"మరి ఆ రోజు నోరెందుకు విప్పలేదురా?"

"నువ్వే అన్నవ్ గద, నీ ముక్కు తప్పు చెప్పదని."

కొట్టాను. పదహారేళ్ళ కొడుకుని. నా చెయ్యే నొప్పి పుట్టింది. వాడు ఏడవలేదు, చేతులు మాత్రం వణికాయి. ఆ వణుకు నేను చాలా రోజులుగా చూస్తూనే ఉన్నాను. చదువు ఒత్తిడి అనుకున్నాను.

నవంబర్‌లో పదో తరగతి పిల్లల పేర్లు పరీక్షలకు పంపాలి. ఆ లోపల ఏ బడిలోనూ చేరకపోతే వినోదకి ఈ ఏడు పరీక్ష లేదు. అందుకని ఒక దారి ఆలోచించాను. పొరపాటు జరిగిందని హెడ్మాస్టరుకి చెప్పి, వేరే టీసీ రాయించి, ముత్తమ్మ చేతిలో పెట్టి వచ్చేస్తాను. భాను పేరు ఎక్కడా రాదు. ఆ పిల్ల చదువు నిలుస్తుంది, మన పరువూ నిలుస్తుంది. రెండూ నిలబడే దారి తప్పు దారి ఎందుకవుతుంది? మీరే చెప్పండి.

మీ పద్మ


శామీర్‌పేట,
25 అక్టోబర్.

పద్మలత మేడంకు,

నమస్తే. నేను వినోదను. మా అమ్మ చెప్తాంది, నేను రాస్తున్న. మొన్న ఐతారం మీరు కొత్త టీసీ తెస్తే అమ్మ తీస్కోకుంట లోపలికి పోయింది గదా. అప్పుడు నోరు రాలేదంట, ఇప్పుడు చెప్తనంటాంది. ఎట్లంటే అట్లనే రాయమన్నది, తప్పుంటే మన్నించుండ్రి.

టీచరమ్మా, ఇంటికొచ్చినదానివి చాయ్ గూడ తాగకుండ పోయినవ్. గది నా తప్పే. కాని "ఎవ్వరికి చెప్పకు ముత్తమ్మా, ఇది మన ఇద్దరి నడుమనే ఉండనియ్" అన్నవ్ సూడు, గప్పుడు నాకు కడుపు మండింది. నా బిడ్డను నిలబెట్టినప్పుడు మన ఇద్దరి నడుమనే ఉండెనా? బడి మొత్తం సూస్తుండంగ అన్నవ్. పోరగాండ్లు ఇండ్లకు పోయి చెప్పిండ్రు. షెడ్డు కాడ మగోళ్ళు "ఏం ముత్తమ్మా, డ్రమ్ము అడుగున మిగిలింది బిడ్డకు పోస్తున్నవా?" అని నవ్విండ్రు. ఆ నవ్వులు పడలేకనే పిల్లను శామీర్‌పేటల మా అవ్వ కాడ ఉంచిన. బుక్కులు మూలకు పెట్టి అవ్వతోని చెరువు చేపలు ఎండబెడుతాంది. ఏ బడికి పోయినా నువ్వు రాసిన కాయితం జూసి వద్దంటున్నరు.

నేను పన్నెండేండ్ల సంది గా వాసనల బతుకుతున్న. కండ్లు మండుతయ్, తల తిరుగుతది, అన్నం సయించది. కూలి కోసం పీలుస్తున్న. కావాలని పీల్చేటోళ్ళు గూడ ఉంటరని నువ్వు చెప్తేనే తెల్సింది నాకు.

గాడ అన్న మాట గాడనే వాపస్ తీస్కో. ప్రేయర్ల, అందరి ముంగట. గప్పుడే నీ కాయితం ముట్టుకుంట. పరీక్ష పోతె పోనీ, సాటుంగ ఇచ్చింది మాకొద్దు. నా బిడ్డ దొంగతనంగ పాసైనట్టుంటది.

నీ కొడుకు పేరు చెప్పమంటలేను. వాడు గూడ పిల్లగాడే. జల్దీ దవాఖానకు తీస్కపో.

మేడం, ఇక్కడి నుంచి నా మాట. భాను సంగతి నాకు అప్పుడే తెలుసు. అమ్మకు మొన్న మీరు పోయినంక చెప్పిన. ఆ రోజే చెప్తే మీరు నమ్ముతుండెనా?

ఇట్లు,
వినోద


మేడ్చల్,
13 నవంబర్ 2005.

భాను వాళ్ళ డాడీకి,

ఈ కవర్లో మూడు ఉత్తరాలున్నాయి. తేదీలు చూసి వరసగా చదవండి. మొదటిది నెల కిందట రాశాను, పోస్టు చెయ్యలేదు. బీరువాలో చీరల మధ్య పెట్టి, మీకు చెప్పేసినట్టే తిరిగాను. ఫోన్లో మీరు "అంతా బాగేనా?" అంటే "బాగే" అన్నాను. నేను అడిగిన ప్రశ్నకి మీరు జవాబివ్వలేదని లోపల మీ మీద కోపం కూడా పెంచుకున్నాను. పంపని ఉత్తరానికి! నా తెలివి ఎట్లాంటిదో చూడండి.

వినోద ఉత్తరం వచ్చాక పది రోజులు దాన్ని హ్యాండ్‌బ్యాగులో మోశాను. "నమ్ముతుండెనా?" అన్న చోటికి వచ్చి ఆగిపోయేదాన్ని. నమ్మేదాన్ని కాదు. ఆ పిల్ల భాను పేరెత్తి ఉంటే టీసీలో ఇంకో మాట కలిపి ఉండేదాన్నేమో.

హెడ్మాస్టరుతో చెబితే, "టీసీ మార్చినం గద మేడం, ఇంక లొల్లి ఎందుకు?" అన్నారు.

"ప్రేయర్‌లో చెప్పకపోతే వాళ్ళు తీసుకోరు సార్."

"తీస్కోకుంటె వాళ్ళ ఖర్మ. మీ నౌకరి సంగతి మీరు చూసుకోండి."

ఆదివారం సాయంత్రం భానుకి చెప్పాను. "నా పేరు చెప్తవా?" అన్నాడు. "చెప్పను. అబద్ధమూ చెప్పను" అన్నాను. అన్నం కలుపుకుని తినకుండా లేచిపోయాడు.

నేను కబురు పెడితే, సోమవారం ముత్తమ్మ వినోదని వెంటబెట్టుకుని వచ్చి గేటు లోపల నిలబడింది. షెడ్డుకి పోయే పాత చీరలోనే వచ్చింది. ప్రతిజ్ఞ అయ్యాక ముందుకు వెళ్ళాను. "వినోద ఆ రోజు నిజమే చెప్పింది. నేను నమ్మలేదు. దాని తప్పేమీ లేదు" అన్నాను. అక్కడితో ఆపాలి. కానీ వెనక వరసలో ఎవరో "మరి ఎవరు మేడం?" అని గొణిగారు, పిల్లలు కిసుక్కుమన్నారు. "నేను వెతికింది మా ఇంట్లోనే ఉంది" అనేశాను.

తొమ్మిదో వరసలో భాను బూట్ల వైపు చూస్తున్నాడు. పేరు చెప్పనని మాటిచ్చి, చెప్పినంత పని చేశాను. అది నిజాయితీయా, లేక నా సిగ్గులో సగం వాడి నెత్తిన పెట్టానా? నాకు తేలలేదు, తేలకుండానే మీకు రాస్తున్నాను.

వినోద వచ్చి టీసీ తీసుకుంది. ప్రవర్తన గడి దగ్గర వేలు పెట్టి చదువుకుని, వాళ్ళమ్మకి పైకి చదివి వినిపించింది. ముత్తమ్మ తలూపి, "ఇగ పోతం టీచరమ్మా, షెడ్డుకు టైమైతాంది" అంది. అంతే. క్షమించానని అనలేదు. ఎందుకనాలి? పిల్ల శామీర్‌పేటలో బడిలో చేరింది, పరీక్షల జాబితాలో పేరు పోయిందని రాసిన కార్డు నిన్న వచ్చింది. పదో తరగతి బాధ్యత నా నుంచి తీసేశారు. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు.

భాను మూడు రోజులు నాతో మాట్లాడలేదు. బడికి పోలేదు. నాలుగో రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "మమ్మీ, ఇంట్ల ఉంటే ఇంకా ఎక్కువ గుర్తొస్తాంది. ఆగుతలేను. ఎక్కడికన్న తీస్కపో" అన్నాడు. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో ఇట్లాంటి పిల్లల్ని చూసే డాక్టర్లున్నారని విన్నాను. కానీ ఎర్రగడ్డ పేరు మన వైపు తిట్టు కదా. రెండు రోజులు తటపటాయించి, నిన్న తీసుకెళ్ళాను. వచ్చే శనివారం తండ్రి కూడా రావాలన్నారు డాక్టరు. సెలవు పెట్టండి. దొరకకపోతే సెలవు లేకుండానే రండి.

నిన్న పొద్దున బస్సెక్కగానే మా ముందు సీట్లో సిద్దిరాములు సారు. వెనక్కి తిరిగి, "ఏం మేడం, పొద్దుగాల్నే తల్లీకొడుకులు ఎటు?" అన్నారు. చుట్టుపక్కల అందరూ మేడ్చల్ వాళ్ళే. ప్రేయర్‌లో అంతమంది ముందు నిలబడి వచ్చినదాన్ని, నా నోట్లో అప్పటికే ఒక మాట తయారుగా ఉంది: బోయినపల్లిలో చెల్లెలింటికి. నోరు తెరిచాను కూడా.

భాను కిటికీ వైపు నుంచి తల తిప్పాడు.

"ఎర్రగడ్డ దవాఖానకు పోతున్నం సార్," అన్నాడు. "నాకే."

పద్మలత