సీతాళె దండె విషయమై నా ఏర్పాటు

బెంగుళూరు నగర్తపేట నివాసి, కీర్తిశేషుడైన ఓబళప్ప కొడుకు రామాంజినప్ప అనే నేను, ఇరవైరెండేళ్ల వయసులో, కడుపునిండా రాగిముద్ద తిని, ఎవరి బలవంతమూ లేకుండా, తల చల్లగా ఉండగా ఈ కాగితం రాస్తున్నాను. తల చల్లగా ఉందంటే మా అమ్మ నమ్మదు. చట్టానికి ఆ మాట కావాలి గనుక రాశాను.

రేపు పొద్దున మా మేనమామ వెంకటగిరియప్ప గారి పట్టుమగ్గాల షెడ్డు ముందు నిరాహారదీక్షకు కూర్చుంటాను. పనివాళ్లకు ఆదివారం సెలవు ఇచ్చేదాకా లేవను. ఆలోగా ప్రాణం పోతే ఈ కింది విధంగా జరగాలి.

1. నాకు స్థిరాస్తి లేదు. చరాస్తిలో మొదటిది, పనసచెక్కకు కట్టిన సీతాళె దండె అనే, చెట్లమీద పెరిగే పూలమొక్క. రెండేళ్ల కింద సకలేశపురం అడవి నుంచి కలప డిపోకు వచ్చిన దుంగను పట్టుకొని మా ఊరు చేరింది. చెట్టును నరికినా, దుంగను లారీలో ఎండబెట్టినా పట్టు వదలలేదు. అంత పట్టుదల గల మనిషిని నేనింకా చూడలేదు.

2. ఆ మొక్కకు నేను చేసిన అన్యాయాలు రెండు. మొదటిది, చెట్టుమీద పుట్టిందల్లా బదనికేననీ, చెట్టు రసం తాగుతుందనీ అనుకొని, "మగ్గాల మీది బదనిక మా మామ" అని కరపత్రం రాసి పేటంతా అంటించాను. రెండోది, దాన్ని కిరసనాయిలు డబ్బాలో ఎరువుమట్టి పోసి నాటి, రెండుపూటలా నీళ్లు పోశాను. వేళ్లు కుళ్లాయి. డిపోలో కోతపని చేసే పెద్దమునియప్ప దాన్ని పీకి చేతికిచ్చాడు. "ఇది చెట్టు రసం తాగదప్పా. గాలి, వాన, ఆకుల మీది దుమ్ము, అంతే. నువ్వు ఊపిరి ఆడనీకుండా చంపుతాండావు" అన్నాడు. కాబట్టి బదనిక అన్న మాటకు ఇందుమూలంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. మొక్కకు మాత్రమే. మామకు కాదు.

3. మామకు చెందవలసినది: ఏడు రోజులు ఆ మొక్కను షెడ్డు గుమ్మానికి వేలాడదీయాలి. ఒకరిని పట్టుకొని బతుకుతూ కూడా వాళ్ల రక్తం తాగకుండా ఎట్లా ఉండవచ్చో ఆయన చూడాలి. వెండిలాంటి ఆ వేళ్లు తడి తగలగానే పచ్చబడడం కూడా చూడాలి. చూస్తే కోపం నిలవదు. నాకే నిలవలేదు.

4. తర్వాత మొక్క పెద్దమునియప్పది. మట్టి తగలనివ్వకూడదు.

5. నా కరపత్రాలు, చిన్న పుస్తకాలు నూటపన్నెండు, చెల్లెలు మునిలక్ష్మికి. మామ షెడ్డులో కండెలు చుట్టే నంజమ్మవ్వకు మధ్యాహ్నం చదివి వినిపించాలి. "ఆ మొక్కకు గాలి చాలు, నీకు ముద్ద కావాల కదప్పా" అని దీక్ష సంగతి వినగానే నవ్విన అవ్వ, పన్నెండేళ్లుగా ఒక్క ఆదివారం ఇంట్లో కూర్చోలేదు.

6. అమ్మ కదిరమ్మకు నా కంబళి. దీక్ష నడిచినన్నాళ్లు నా కంచం తోమి ఎదురుగా పెట్టవద్దని మనవి.

7. పోయిన ఏడాది ఆ మొక్క ఒకే ఒక్క గెల పూసింది. నక్కతోకంత పొడవు, తెల్లటి పూల మీద ఊదా చుక్కలు, లెక్కపెట్టబోతే నూరు దాటాయి. మూడోరోజు మునిలక్ష్మి కోసి జడలో పెట్టుకుంది. రెండు నెలలు చెల్లెలితో మాట్లాడలేదు. ఇప్పుడు కొత్త గెల తొంగిచూస్తోంది, ఇంకో మూడు వారాలు పడుతుంది. ఆ పూలు నా శవం మీద వేయవద్దు. మునిలక్ష్మీ, ఈసారి నువ్వే కోసుకో. సకలేశపురం వైపు మలెనాడులో ఆడపిల్లలు అట్లాగే పెట్టుకుంటారట. నాకు తెలియదు.

8. రెండో సాక్షిగా మామనే అడిగాను. ఆయన సంతకం చేయకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచండి.

1946 మే 12, ఆదివారం. పని ముగిసిన తర్వాత.

(సంతకం) రామాంజినప్ప

సాక్షులు:
1. నంజమ్మ, ఎడమ బొటనవేలి గుర్తు.
2. వెంకటగిరియప్ప. చదివినా. వచ్చే ఆదివారం మగ్గాలు నిలిపి చూస్తా, అల్లుడా. మొక్కను గుమ్మానికి నేనే కట్టినా. ముందు వచ్చి ముద్ద తిను.