బావా, టీషర్టులు వెతక్కు

బావా,

నీ టీషర్టులన్నీ దాచేశాను. ముందు బొత్తాలున్న చొక్కా ఒక్కటే మంచం మీద పెట్టాను. స్నానం చేసి, గోళ్లు తీసుకుని, అదే వేసుకో. సెంటు కొట్టుకోకు. ఆ సీసా కూడా దాచేశాలే.

అక్కకి జ్వరం, పసిపిల్లల వార్డులోకి రానివ్వట్లేదు. నెలలు నిండకుండా పుట్టిన నీ కూతుర్ని ఇవాళ చొక్కా విప్పి గుండెల మీద వేసుకోవాల్సింది నువ్వే. నేను వేసుకుంటానంటే నర్సమ్మ, "నాన్న ఉండగా మేనమామ వేషాలు చెల్లవు" అంది. ఒంటి వెచ్చదనం తగిలితే పాప బరువు పెరుగుతుందట, ఊపిరీ కుదురుగా తీస్తుందట.

ఒంటి చేత్తో బీరువా మోసే వీరుడివి! మోచెయ్యంత లేని పిల్లని చూసి "విరిగిపోతుందేమో" అంటూ వణికావు. ఆ వణుక్కి వార్డు అద్దాలు గలగలలాడాయి. నర్సమ్మ పక్కనే ఉంటుందిలే, పాప కోసం కాదు, నువ్వు పడిపోతే పట్టుకోవడానికి. నేను వార్డు గుమ్మంలో కూర్చుంటా. పారిపోవాలంటే నన్ను తొక్కుకుంటూ వెళ్లాలి.

అన్నం మూతపెట్టి ఉంది, తినేసి రా.

మర్చిపోయా: నిన్న నువ్వు అద్దాల పెట్టె పక్కన నిలబడి గొణుగుతుంటే, పాప నీ గొంతు వైపు తల తిప్పింది. ఇది మాత్రం కోతలు కొయ్యడం కాదు బావా.