‘ప’ మీద సందు

జూన్ 1, ఆదివారం

హొసకోటెలో తెలుగు నేర్పే సుంకమ్మ టీచర్ వాకిట్లో పిల్లలకు నా అక్షరాలతో అచ్చేసిన పేజీ ఇచ్చాం. తెలుగు వాచకం కోసం నేను గీస్తున్న ఫాంట్. మొదటి పిల్లవాడే ‘పలక’ను ‘వలక’ అని చదివి, వలకంటే ఏమి మిస్ అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత వచ్చినవాళ్ళూ అలాగే చదివారు.

జూన్ 2

మా షాపు లెక్కలు రాస్తుంటే వాచకం ఎడిటర్ అక్షర, వాళ్ళ మహదేవపుర ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. ఇరవై రెండున మళ్ళీ పిల్లల ముందు పెడదాం సార్, అప్పుడూ తడబడితే రెడీమేడ్ ఫాంట్ వాడుకుంటాం అంది. రెండేళ్ళ పని. సరేనమ్మా అన్నాను.

జూన్ 5, ఉదయం 5.30

పేజీని భూతద్దంతో చూశాను. ‘ప’ మీద తలకట్టుకూ ఒంటికీ మధ్య సందు చిన్న సైజులో పూడుకుపోయి ‘వ’ అయింది. టాబ్లెట్‌లో నేను ఎంచుకున్న పెన్ను గుండ్రటి మొనది. ఎటు తిప్పినా గీత ఒకే లావు. తలకట్టు కిందికి దిగి ఒంటికి దగ్గరయ్యేచోట కూడా అంతే. సందు పెద్దది చేస్తే అక్షరం పళ్ళూడిన నోరులా ఉంది.

కాఫీ తెచ్చిన మా ఆవిడ కమలమ్మ, ఆ గాజు మీద మీరేం గీసినా ఊ అంటుండాది, ఒక్కసారన్నా కాదంటాదా అని ఎత్తిపొడిచింది.

జూన్ 7

ఐస్‌క్రీం పుల్లను బ్లేడుతో ఏటవాలుగా కోసి, ఇంకులో ముంచి గీశాను. పైకి తోస్తే కాగితాన్ని గీరుతుంది. వంపు తిరిగేచోట తానే సన్నబడుతుంది. ‘ప’ రాశాను. సందు దానంతట అదే తెరుచుకుంది. తెల్లారిందాకా ప, వ, ప, వ. చేతులన్నీ ఇంకు.

కమలమ్మకు థాంక్స్ చెబుదామనుకున్నాను. టిఫిన్ బాగుందన్నాను.

జూన్ 9

టాబ్లెట్ కొనిచ్చింది మా అక్క కొడుకు వినయ్. పుల్ల సంగతి ఎలా చెప్పాలా అని కుందలహళ్ళి దాకా బస్సులో మథనపడ్డాను. వాడు కాగితాలు చూసి, మామా, స్కాన్ చేసిస్తా, వీటి మీదే టాబ్లెట్‌తో ఔట్‌లైన్ లాగు, అదేం అలగదులే అన్నాడు. సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాడు. ఇలాంటి మనుషులు దొరకడం నా అదృష్టం. నోటితో అనలేకపోయినా ఈ డైరీలోనైతే రాయగలిగాను.

జూన్ 21

‘ఘ’ ఇంకా మొండికేస్తోంది.

జూన్ 22, ఆదివారం

సుంకమ్మ టీచర్ మనవరాలు పేజీ పైనుంచి కిందికి గడగడా చదివేసింది. కాగితం తిప్పి చూసింది. వెనక ఖాళీ.

ఇంకా లేదా అప్పా అని నన్ను అడిగింది.