గోడ తీసేసిన వంటిల్లు

జూన్ 4
వంటింటి గోడ పోయింది. పొద్దున మేస్త్రీ సుత్తి పట్టుకున్నాడు, మధ్యాహ్నానికి హాలూ వంటిల్లూ ఒకటే. ఇల్లంతా దుమ్ము. ఒర్లియంపేటలో ఇప్పుడు ఎవరింట్లో చూసినా ఇదేనట — ఓపెన్ కిచెన్. డిజైనర్ అమ్మాయి ట్యాబ్‌లో బొమ్మలు చూపిస్తుంటే మా ఆయన, అత్త, మామ ఒకరి మీద ఒకరు పడి చూశారు. నన్ను అడిగింది రంగొక్కటే. ఆకుపచ్చ అన్నాను. బిస్కెట్ రంగు వేస్తున్నారు.

జూన్ 5
తలుపు కూడా పాత సామాన్ల బండి ఎక్కింది. ఆ తలుపు చాటునే కదా నేను తినేది... ఈ ఇంట్లో కోడలు మామ కళ్ళెదుట తినదు. అత్త కూడా వాళ్ళ మామ పోయేదాకా అలాగే గడిపిందట. పెళ్ళయినప్పటి నుంచీ తలుపు దగ్గరికి వేసి, పీట మీద కూర్చుని తిన్నాను. గోడ కొట్టించేటప్పుడు ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

జూన్ 19
పని అయింది. పిడి లేని అల్మారాలు — ఎక్కడ నొక్కితే తెరుచుకుంటాయో వెతుక్కోవాలి. సీలింగ్‌లో దాచిన లైట్లు. మధ్యలో రాతి బల్ల, ఎత్తు స్టూళ్ళు. "ఫ్యామిలీ అంతా కలిసి కూర్చోవచ్చు మేడమ్" అంది డిజైనర్. పాపం, ఆమెకేం తెలుసు. మామ సోఫా సరిగ్గా బల్లకు ఎదురుగా వేశారు. కొట్టు కొడుక్కి అప్పగించినప్పటి నుంచి మామ రోజంతా అక్కడే, టీవీ ముందు.

జూన్ 20
వెనక, అంట్లు తోమే చోట నిలబడి తిన్నాను. వాషింగ్ మెషీన్ మీద కంచం. నాలుగు ముద్దలు.

జూన్ 27
నెల తప్పింది. సంతోషపడటానికి కూడా భయం... పోయినసారి మూడో నెల దాటలేదు.
డాక్టరమ్మ కసురుకుంది. ఒంట్లో రక్తం లేదట. కొద్దికొద్దిగా, మాటిమాటికీ తినాలట. ఏం తింటున్నావు, ఎప్పుడు తింటున్నావు అని అడిగింది. ఎక్కడ అని అడగలేదు.

జూన్ 28
ఆయనతో చెప్పాను. "బెడ్‌రూంలో తినేసెయ్, దానికేంది" అన్నారు. అత్త వింది. "పడుకునే గదిలో ఎంగిలా? మీ మామ కునుకు తీసేదాకా ఆగితే సరిపోదా?"
పోనీ కర్టెన్ వేద్దామన్నాను.
"ఇంత చేయించి కర్టెనా? చూసినోళ్ళు నవ్వుతారు" అన్నారు ఆయన.

జూలై 3
ముదలియార్‌పేట చుట్టాలు ఇల్లు చూడటానికి వచ్చారు. రాతి బల్ల దగ్గర ఫోటోలు, స్టూళ్ళెక్కి నవ్వులు. కాఫీలిచ్చాను. తల తిరుగుతోంది. బిస్కెట్ ఒకటి కొంగు చాటున పట్టుకెళ్ళి బాత్రూంలో తిన్నాను. ఛీ... ఏడుపొచ్చింది. అసహ్యం వేసింది — నా మీద కాదు, వీళ్ళ మీద.

జూలై 9
కళ్ళు బైర్లు కమ్మాయి. బల్ల అంచు పట్టుకున్నాను. మామ చూశారు, తల టీవీ వైపు తిప్పుకున్నారు. చెడ్డ మనిషి కాదు. కోడలు తిన్నదా అని ఆయన అడగకూడదు, నేను తినలేదని చెప్పకూడదు.

జూలై 11
మరక. చిన్నదే. "లేవకు, పడుకో, బాగా తిను" అంది డాక్టరమ్మ. పోయినసారీ ఇలాగే మొదలైంది.

జూలై 12
పొద్దుటి నుంచి పడుకునే ఉన్నాను. అత్త గ్లాసుడు పాలు తెచ్చిచ్చింది, అంతే. మధ్యాహ్నం లేచాను. అన్నం, పప్పుచారు, మునగాకు కూర పెట్టుకుని ఎత్తు స్టూల్ మీద కూర్చున్నాను. మామ ఎదురుగానే. మొదటి ముద్ద దిగలేదు. నీళ్ళు తాగి మింగాను. మామ టీవీ ఆపేశారు.
అత్త పరుగున వచ్చింది. గొంతు తగ్గించి — "ఏందిమా ఇది. లోపలికి పో."
"లోపల యాడుంది అత్తా?"
అత్త అటూ ఇటూ చూసింది. మామ లేచి, చెప్పులేసుకుని, కొట్టు వైపు వెళ్ళారు. అక్కడ మా ఆయనతో చెప్తారు. ఏమవుతుందో తెలియదు. మరక ఇంకా ఆగలేదు.
కంచం ఖాళీ అయింది. మళ్ళీ పెట్టుకున్నాను.