అయిదో పేరు

నవంబరు 2, 1953. సోమవారం

ఇవాళ పొద్దున్న కూడా "పిన్నీ, చెడ్డీ" అన్నాడు. నాలుగేళ్ళ కొడుకు కన్నతల్లిని పిన్నీ అని పిలుస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఇంట్లో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఈ పేజీ మీద మాత్రం నవ్వడం లేదు.

తప్పు వాడిది కాదు. మా తోడికోడలి పిల్లలు నలుగురూ నన్ను పిన్ని అంటారు, అక్కను అమ్మ అంటారు. చూసి చూసి మా చిట్టికీ అదే అబ్బింది. తండ్రిని బాబాయ్ అంటాడు. మా ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. "పిలిస్తే పలుకు. పిలుపులో ఏటుంది?" — అని సైకిలెక్కి పార్సిల్ ఆఫీసుకు.

నవంబరు 3

రాయపూర్ రైల్వే క్వార్టర్లో పదమూడు మంది ఉన్న ఇల్లు. పిల్లల బంతి ముందు. అక్క పెద్ద పళ్ళెంలో అన్నం ఒక్కసారే కలిపేసి, అయిదుగురినీ చుట్టూ కూచోబెట్టి చేతుల్లో ముద్దలు పెడుతుంది. వరస తప్పదు — సుందరి, మగపిల్లలిద్దరూ, బుజ్జి, చివర మా చిట్టి. గోంగూర కారంగా ఉంటే వాడి ముద్దలో ఇంకో చుక్క నెయ్యి. ఆ చుక్క ఎవరూ చూడలేదనుకుంటుంది. నేను చూస్తాను.

ఒకసారి నేను కలిపి పెట్టాను. తిన్నాడు పాపం. తింటూ అక్క చేతికేసి చూశాడు.

నవంబరు 4

అక్క మీద కోపమా? ఎలా వస్తుంది... పురుడయ్యాక మూడు నెలలు జ్వరంతో మంచం దిగలేదు నేను. అప్పుడు అక్క ఒళ్ళో ఒక పక్క బుజ్జి, ఇంకో పక్క వీడు. ఇద్దరికీ తన పాలే. నేను బతికి లేచేసరికి వాడికి ఆ ఒడి అలవాటైపోయింది. ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాలి. పెడతాను కూడా. పెడుతూనే కుళ్ళుకుంటాను.

ఇలాంటి మాట రాయడానికే ఈ పుస్తకం. ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో.

నవంబరు 5

కూరలమ్మి గంప దింపి, గుమ్మంలో ఉన్న చిట్టిని చూసి, "ఏ కాకర లఇకా ఏ?" అంది. ఎవరి పిల్లాడు అని. నేను నోరు తెరిచేలోగా వాడే అక్కను చూపించాడు. అక్క నా మొహం చూసి, "ఏయ్, ఆవిడ కొడుకు!" అని నన్ను చూపించింది. కూరలమ్మి నన్నూ అక్కనూ మార్చి మార్చి చూసి, వాడి చేతిలో ఒక ముల్లంగి పెట్టి వెళ్ళిపోయింది.

నవంబరు 6

దీపావళి. చిచ్చుబుడ్డి నిప్పురవ్వ పడి మావయ్యగారి పంచెకు శనగగింజంత చిల్లు. అత్తయ్య ఆ పంచె పట్టుకెళ్ళి మూడు క్వార్టర్లలో చూపించి వచ్చారు.

నవంబరు 9

మా ఆయనకు బద్లీ. డోంగర్‌గఢ్. డిసెంబరు ఒకటిన అక్కడ డ్యూటీలో చేరాలి. క్వార్టరు కూడా ఇస్తారట.

ఇల్లంతా గోల. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెంటనే తీసేసి, "డోంగర్‌గడ్ ఏటి దూరం! పొద్దున్న బండెక్కితే మద్దినాల బోజనానికి ఒచ్చీవొచ్చు" అన్నారు. మరుదులిద్దరూ మా గదిలోకి ఎవరి మంచం రావాలని అప్పుడే వాదులాట. అక్క మాత్రం పొయ్యి దగ్గరే ఉండిపోయింది. పప్పు అడుగంటింది. పదేళ్ళలో అక్క పప్పు అడుగంటడం నేను చూడలేదు.

నిజం రాయాలి కదా. నాకు సంతోషం. గుండెలో పాలు పొంగినంత సంతోషం. నా పొయ్యి, నా గుమ్మం, ముగ్గురమే. అక్కడ వాడికి పిన్ని అని ఎవరు నేర్పుతారు?

నవంబరు 11

విచిత్రం. మా ఆయన ప్రయాణానికి పాసు అడిగితే, గుమాస్తా రిజిస్టరు చూసి, "నీకు పిల్లలెక్కడ?" అన్నాడట. రైల్వే కాగితాల్లో మాకు సంతానం లేదు. వెతగ్గా వెతగ్గా, చిట్టి పేరు మా బావగారి కుటుంబం కింద ఉంది! అయిదో పేరు.

సాయంత్రం బావగారు డ్యూటీ దిగి వచ్చారు. విషయం విని, టోపీ తీసి, తల గోక్కుని, పకపకా నవ్వు. "ఆ ఏడు ఫారం మీద పిల్లల పేర్లు రాయమన్నారురా. సుందరి దగ్గర్నించి వరసగా రాసుకుపోయేను. ఈడి దగ్గర ఆగాలని తోచనేదు." మా ఆయన కూడా నవ్వుతున్నాడు — తనూ ఆ ఏడు ఫారం నింపాడట, చిట్టి పేరు అన్నయ్య ఎలాగూ రాశాడు కదా అని ఊరుకున్నాడట! ఈ అన్నదమ్ములను ఏ నూతిలో పడెయ్యాలి?

ఏమయితేనేం, బావగారు ఒక అర్జీ రాసి తన కింద ఆ పేరు కొట్టించాలి. అప్పుడు మా కింద ఎక్కుతుంది. పది నిమిషాల పని.

నవంబరు 12

కలంలో సిరా లేదట.

నవంబరు 13

సిరా ఉంది. కళ్ళజోడు కనపడలేదట. నెత్తిమీదే ఉంది.

నవంబరు 14

"రేపు వనభోజనాలు కదా, అయ్యాక చూద్దాం." బావగారికి చెయ్యి రావడం లేదు. ఇంట్లో అందరికీ తెలుస్తోంది. అందుకే ఎవరూ అడగడం లేదు. అడిగి తీరాల్సిన మా ఆయన, అన్నగారి కోసం నెత్తిమీది కళ్ళజోడు తనూ వెతికాడు.

నవంబరు 15. ఆదివారం

రెండు టాంగాల్లో తెలీబంధా చెరువుకు. పదమూడు మందిమి, పులిహోర గుండిగ, దద్దోజనం, బూరెలు. బూరెల డబ్బా మీద మావయ్యగారే కూచున్నారు, దారిలో ఎవరూ ముట్టకుండా. దిగేసరికి ఆరు తక్కువ. ఎవరని అడిగితే ఆయన మూతి తుడుచుకున్నారు.

ఉసిరిచెట్టు కింద చాపలు. మగపిల్లలు చెరువులో రాళ్ళు విసరడం, సుందరి వాళ్ళను కేకలేయడం. బావగారు చిట్టిని భుజాన ఎక్కించుకుని గట్టంతా తిరిగారు. వాడు ఆయన చెవులు పట్టుకుని "నాన్నా, జల్దీ జల్దీ" అంటున్నాడు. ఎంత బాగుందో. ఎండ కూడా పలచగా, కార్తీకం ఎండ.

అంత బాగున్నచోట నాకెందుకొచ్చిందో ఆ కోపం. విస్తళ్ళు వేస్తుంటే అత్తయ్య, "పోనీ చిట్టిగాణ్ణి సంక్రాంతి దాకా ఇక్కడే ఉంచీరాదా, కొత్త నీళ్ళు పడతాయో పడవో" అన్నారు. అక్క తలెత్తి నావైపు చూసింది. ఆ చూపులో ఆశ ఉంది. అది చూసి నా నోరు ఆగలేదు.

"వాడు నా కొడుకని కాగితం మీదయినా రాయనివ్వరా నన్ను?"

ఇన్నేళ్ళలో బావగారి ఎదుట గొంతెత్తి మాట్లాడింది లేదు. ఆయన మా వెనకే ఉన్నారు. భుజాన వాడు. మెల్లగా వాణ్ణి దింపారు.

బూరెలు ఎవరూ తినలేదు. తిరిగి వచ్చేటప్పుడు డబ్బా మీద ఎవరూ కూచోలేదు.

నవంబరు 16

బావగారు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి అర్జీ ఇచ్చేశారు. ఎర్ర సిరాతో అయిదో పేరు కొట్టేశారట. వచ్చి, మా ఆయనతో, "అయిపోయిందిరా. నీ కింద ఎక్కించీసేరు" అన్నారు. ఆకలి లేదని పడుకున్నారు.

నేను గెలిచాను. ఎవరి మీద?

నవంబరు 17

అక్క మొదలుపెట్టింది. చిట్టి "అమ్మా, అన్నం" అంటే పలకలేదు. మళ్ళీ అన్నాడు. "నాను పెద్దమ్మనిరా. అమ్మ అదిగో" — అని నన్ను చూపించి, వెనక్కి తిరిగి గిన్నెలు సర్దుకుంది. సర్దినవే మళ్ళీ సర్దింది.

పిల్లలందరికీ కట్టడి చేసింది, వాడి ముందు నన్ను చిట్టి వాళ్ళమ్మ అనాలని. బుజ్జి నవ్వింది. ఒక్కటిచ్చింది. అక్క పిల్లలను కొట్టే మనిషి కాదు.

నవంబరు 18

ఇవాళ వాడు ఎవర్నీ ఏమనీ పిలవలేదు. దాహమేస్తే వచ్చి నా చీర లాగాడు.

నవంబరు 19

నిన్నటిలాగే. అత్తయ్య గుడికెళ్ళి దిష్టి తాడు తెచ్చారు. దిష్టి కాదు అత్తయ్యా, నా నోరు.

నవంబరు 20

మధ్యాహ్నం పిల్లల బంతి. నాలుగు చేతుల్లో ముద్దలు పెట్టి అక్క ఆగిపోయింది. వాడు లేచి, నా దగ్గరకొచ్చి, చెయ్యి చాచాడు. నాలుగేళ్ళుగా ఈ చెయ్యి ఎప్పుడు చాస్తాడా అని చూశాను. గబగబా కలిపాను. నెయ్యి పోశాను. ఒకటి, రెండు, మూడు ముద్దలు... తింటున్నాడు. ఈసారి అక్క చేతికేసి చూడలేదు. తల వంచుకుని తిన్నాడు, చెప్పినమాట వినే పిల్లాడిలా.

ఆ చూడకపోవడం నేను భరించలేకపోయాను.

పెరట్లో అక్క పళ్ళెం తోముతోంది. వెళ్ళి పక్కన గొంతుక్కూచున్నాను. "అక్కా, నా మాట మనసులో పెట్టుకోకు. వాడు అమ్మా అంటే పలుకు. ఉన్న పది రోజులూ నువ్వే పెట్టు" అన్నాను.

బూడిద చేత్తోనే మొహం తుడుచుకుంది. "పిచ్చిదానా, నీ మీద కోపమయితే ఇలా చేస్తానేటే? పది రోజులు పలుకుతాను. పదకొండో రోజు అక్కడ ఈడు అమ్మా, అమ్మా అని గుమ్మం కాడ ఏడిస్తే ఎవర్తి పలుకుతాది? నువ్వు పక్కనే ఉన్నా ఆడికి తెలీదు కదే. ఇప్పుడే తెలవాలి."

నేను నాకోసం అడిగాను. ఆవిడ వాడికోసం చేస్తోంది. ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చాం. అత్తయ్య వచ్చి, "నీళ్ళు వదిలేసేరు, కొళాయి కట్టండర్రా" అని అరిచి, తనూ కూచుని ఏడ్చారు. కొళాయి చివరికి సుందరి కట్టింది.

నవంబరు 24

మావయ్యగారు పాత పెట్టె ఒకటి బాగుచేస్తున్నారు, మా కోసం. మేకు ఒకటి, మాట ఒకటి. "డోంగర్‌గడ్‌లో చలి." ఇంకో మేకు. "నీళ్ళు కాచి తాగండి." మేకు. "చిట్టిగాడికి కొండ గుడి మెట్లు జాగర్త." తర్వాత చాలాసేపు మేకులే.

నవంబరు 27

అక్క ఆవకాయ జాడీ కట్టింది. సున్నుండలు. వాము పొట్లం. వాడికి ఏ రోజు ఏం పడదో, ఏ వైపు పడుకుంటే నిద్రపడుతుందో చెబుతూ కూచుంది. నేను వింటూ కూచున్నాను, నా కొడుకు గురించి. రోషం రాలేదు. కొన్ని ఇక్కడ రాసుకుంటున్నాను: ఎడమపక్కకు తిప్పాలి. జ్వరమొస్తే అరికాళ్ళు ముందు వేడెక్కుతాయి. పొట్లకాయ ముద్దలో కనపడకూడదు.

నవంబరు 29. ఆదివారం

స్టేషన్‌కు అందరూ. ప్లాట్‌ఫారం మీద బావగారు డ్యూటీలో ఉన్నారు, తెల్లకోటు, టోపీ. బండి కదలాలంటే గంట కొట్టించాల్సింది ఆయనే. మా రైలుపెట్టె దగ్గర నిలబడి, చిట్టి బుగ్గ మీద వేలితో తట్టి, వాడితో కాక నాతో అన్నారు — మొట్టమొదటిసారి నాతోనే — "అమ్మా రాజ్యం, నువ్వు అన్నమాట నిజమే. ఆ పేరు నాను ఎప్పుడో కొట్టించాల్సింది." వంగి కాళ్ళు పట్టుకోబోయాను. అప్పటికే గంట వైపు వెళ్ళిపోయారు.

బండి కదిలేముందు వాడు కిటికీలోంచి చేతులు చాచి "అమ్మా!" అన్నాడు. పన్నెండు రోజులు ఆపుకున్నది. అక్క నోరు జారింది. "ఓయ్" అంది.

నేను అటు తిరిగి పెట్టెలు లెక్కపెడుతున్నాను. నాలుగే పెట్టెలు. చాలాసేపు లెక్కపెట్టాను.

డిసెంబరు 1. డోంగర్‌గఢ్

రెండు గదులు, వసారా. గోడలకు కొత్త సున్నం. మాట్లాడితే గొంతు తిరిగి వినిపిస్తోంది.

డిసెంబరు 2

అమ్మా అన్నాడు. నన్నే, నా మొహం చూసి. "అమ్మా, చెడ్డీ." పొయ్యి ముందు కూచుని ఏడ్చాను, సంతోషానికే. మా ఆయనకు చెబితే, "నన్నూ నాన్నా అన్నాడు" అని రెండుసార్లు చెప్పాడు. పిలుపులో ఏముందన్న మనిషి!

డిసెంబరు 3

మధ్యాహ్నం ముద్ద కలిపి పెడితే తిన్నాడు. రెండోది పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుని ఆగాడు. ఎందుకో మొదట అర్థం కాలేదు. వరస ప్రకారం ఇంకా నలుగురు తినాలి.

తర్వాత అడిగాడు. "అమ్మా, అందరూ ఏ బండికొస్తారు?"

నిజం చెప్పాల్సింది. సాయంత్రం బండికి అన్నాను.

నాలుగింటికే చొక్కా తొడిగించమన్నాడు. గుమ్మంలో కూచున్నాడు. ఇక్కణ్ణించి స్టేషన్ దారి కనిపిస్తుంది. నేను పని వదిలి పక్కన కూచున్నాను. రాయపూర్ వైపు నుంచి బండి వచ్చింది, ఆగింది, కూత వేసి వెళ్ళిపోయింది. జనం దిగి నడుచుకుంటూ వెళ్ళారు. ఒక్కొక్కరి మొహం చూశాడు. నేనూ చూశాను.

దారి ఖాళీ అయ్యాక, "ఇంకో బండి ఉందా?" అన్నాడు.

ఉందన్నాను.